పదహారు వారాల చీటీ

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మీ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని, ఈ ఉత్తరం నీ చేతికందే రోజుకి కూడా అలాగే ఉంటావని నమ్మి రాస్తున్నాను.

శనివారం పొద్దున నీ ఉత్తరం వచ్చింది. మీ ఆస్పత్రిలో మందులు దించేసి ఖాళీ పెట్టెలు వెనక్కి తెచ్చిన బండిలో వచ్చిందట, కవరంతా స్పిరిట్ వాసన. మూడు పేజీలూ చదివాను. మూడో పేజీ చదివాక లేచి మంచినీళ్లు తాగి, మళ్లీ కూర్చుని మళ్లీ చదివాను. అందులో ఉన్నదేం మారలేదు. దాని సంగతి రాయడానికే కూర్చున్నాను గానీ నేరుగా అక్కడికి వెళ్లడానికి చెయ్యి రావడం లేదు తల్లీ. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ.

బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మీ అమ్మ ఎదురుగా నిలబడి మింగేదాకా చూస్తుంది, తప్పించుకునే దారే లేదు. నీ గది కిటికీ రెక్క బాగుచేయించారా అన్నావు. వడ్రంగి మూడుసార్లు వచ్చాడు. ఇదివరకు తెరుచుకునేది కాదు, ఇప్పుడు మూసుకోవడం లేదు. అది కూడా బాగుచేయడమేనని ఆయన వాదన. మీ అమ్మ మోకాలి నొప్పికి నువ్వు చెప్పిన వ్యాయామం చేస్తోందా అంటే, చేస్తున్నానని నీకు రాయమంది.

ఇక నువ్వడిగిన పెద్ద ప్రశ్న. "నాన్నా, ఈ యుద్ధం గురించి అక్కడ ఎవరైనా మాట్లాడుకుంటున్నారా, లేక మమ్మల్ని మర్చిపోయారా?" అని రాశావు. మర్చిపోవడమా! ప్రతి ఆదివారం రెండు గంటలు మేం మాట్లాడుకునేది దాని గురించే. ఈ ముక్క గర్వంగా రాస్తున్నాననుకోకు, సిగ్గుతో రాస్తున్నాను.

మా ఆదివారం కూటమి గురించి నీకు పైపైనే చెప్పాను. నలుగురం. పళ్ల డాక్టరు, చరిత్ర లెక్చరరు, రంగుల షాపావిడ, నేను. తలా కొంత కలిపి షేర్లు కొంటాం. ఆదివారం డాక్టరు గారి క్లినిక్‌కు సెలవు కాబట్టి అక్కడే చేరతాం. ఉన్నవి మూడు ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగోది పళ్లు పీకే కుర్చీ. అందుకని ఎవరు వాదిస్తే వాళ్లు అందులో కూర్చోవాలని మా రూలు. డాక్టరు లైటు మొహం మీద వేస్తాడు. మాట మరీ సాగితే పెడలు నొక్కుతాడు, కుర్చీ వెనక్కి వాలిపోతుంది. వెల్లకిలా పడుకుని ఎంతసేపు వాదించగలం చెప్పు.

అసలీ యుద్ధం ఎందుకు వచ్చిందన్న దాని మీద మాలో ఏ ఇద్దరికీ పడదు. లెక్చరరు మొదట వందేళ్ల కిందటి సరిహద్దు గీత దగ్గర మొదలుపెట్టాడు. వారానికో వందేళ్లు వెనక్కి పోతున్నాడు, ఇంకొన్నాళ్లు పోతే మనిషి నిప్పు కనిపెట్టిన రోజుకి చేరుకుంటాడు. రంగుల షాపావిడ ఒప్పుకోదు. "అవన్నీ కాదండీ, ఆ రెండు దేశాల నడిమి రేవు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే వ్యాపారం. నా షాపు ముందు మూడడుగుల మెట్టు కోసం పక్కవాడితో ఆరేళ్లు కోర్టుకి తిరిగాను. రేవు కోసం వాళ్లు కొట్టుకోరా?" అంటుంది. డాక్టరుకి లోకంలో ఏదైనా పుచ్చు పన్నే. "పైన సిమెంటు పూసుకుని నవ్వుతూ తిరిగారు ఇన్నాళ్లూ. లోపల చీము పట్టింది. అంతే" అంటాడు. నేను నీళ్లంటాను. పైదేశం ఆనకట్ట కట్టింది, కిందిదేశంలో మూడేళ్లు వానల్లేవు. ముప్ఫై ఏళ్లు వాతావరణ ఆఫీసులో "వాన పడవచ్చు, పడకపోవచ్చు" అని రాసి పెన్షను పుచ్చుకుంటున్నవాణ్ణి, నాకు నీళ్లు తప్ప ఇంకేం తోస్తుంది? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారని నలుగురం తలలూపి టీ తాగుతాం.

ముగింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి గొంతులూ మారతాయి. ఎందుకంటే మేం కొన్నది జనరేటర్ల కంపెనీ. అక్కడ కరెంటు స్టేషన్లు కూలేకొద్దీ ఇక్కడ జనరేటర్లు అమ్ముడవుతాయి. యుద్ధం ఇంకెన్ని వారాలు సాగుతుందో తలా ఒక చీటీ రాసి దూది డబ్బాలో వేస్తాం. ఎక్కువ వారాలు తేలితే ఇంకా కొంటాం, తక్కువ తేలితే అమ్మేస్తాం. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటారే, ఆ పిల్లులం మేమే. నెల కిందట ఏదో చర్చలు మొదలయ్యాయని వార్త వచ్చినప్పుడు రంగుల షాపావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని "కొంపదీసి ఆగిపోదు కదా!" అంది. మంచి మనిషి, పక్కింటి పిల్లికి కూడా పాలు పోస్తుంది. ఆవిణ్ణి ఓదార్చింది ఎవరో తెలుసా? నేను. "మీరేం కంగారు పడకండి, ఇప్పట్లో ఆగదు" అన్నాను. కన్నకూతుర్ని అక్కడ పెట్టుకుని నేనే అన్నాను.

ఆ కూటమిలో నా మాటకు విలువ ఎక్కువ. ఎందుకో ఇప్పుడు చెప్తాను, తిట్టుకోకుండా చదువు. పేపరు అందరూ చదువుతారు. నీ ఉత్తరాలు నాకొక్కడికే వస్తాయి. "రక్తం సీసాల బండి ఇదివరకు రెండ్రోజులకోసారి వచ్చేది, ఇప్పుడు రోజూ వస్తోంది" అని నువ్వు రాస్తే నేను దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, జేబులో పెట్టుకెళ్లి, ఆ కుర్చీలో కూర్చుని చదివాను. "మూడు నెలలకి సరిపడా కట్టు గుడ్డ తెప్పించారు" అన్నావు, అదీ చదివాను. "చూశారా, హాస్పిటలు వాళ్లే మూడు నెలలు అనుకుంటున్నారు" అన్నాడు లెక్చరరు. నువ్వు చేతులు కడుక్కునే తీరిక లేక రాసిన వాక్యాలు మాకు సూచనలయ్యాయి. నేను చెప్పింది మూడుసార్లు నిజమైంది. సర్వీసంతా ఒక్క వాన కూడా సరిగ్గా చెప్పలేనివాడికి ఈ వయసులో జోస్యం ఫలిస్తే ఎంత మత్తుగా ఉంటుందో నీకు తెలియదు. మూడు వారాల కిందట చీటీ మీద "పదహారు" అని రాశాను. అందరికంటే పెద్ద అంకె నాదే. అప్పట్నుంచీ ఆ అంకె దిగలేదు.

ఇక దాచేది లేదు. ఆ పదహారు రాసిన ఆదివారమే, క్లినిక్ నుంచి ఇంటికొచ్చి, అదే పెన్నుతో నీకు ఉత్తరం రాశాను. "అమ్మడూ, భయపడకు, ఇది నెలలో ముగిసిపోతుంది" అని రాశాను. నీకు ధైర్యం చెప్దామనుకున్నాను. జ్వరం ఉన్న పిల్లకి ఏం లేదమ్మా, రేపటికి తగ్గిపోతుంది అంటాం చూడు, ఆ లెక్కన రాశాను. నువ్వు నర్సువని, ఆ మాట నువ్వు రోజుకి వందమందితో అంటావని, నా దగ్గర మాత్రం నిజం కోరుకుంటావని నాకు తట్టలేదు.

ఇప్పుడు నీ మూడో పేజీ. "వెనక్కి వెళ్లే బస్సులో నాకూ సీటు వచ్చింది నాన్నా. నువ్వు నెలలో అయిపోతుందన్నావు కదా, నీ లెక్క తప్పదని పళ్ల డాక్టరు గారు కూడా అన్నారని రాశావు కదా. నెలరోజుల కోసం రావడం ఎందుకని, నాతో పనిచేసే ఇంకో నర్సుకి ఇచ్చేశాను. ఆవిడకి ఇంటి దగ్గర చిన్నపిల్లలు." నా అబద్ధాన్ని పట్టుకుని నువ్వు బస్సు వదులుకున్నావు.

ఆదివారం కూటమిలో ఈ సంగతి చెప్పేసి, ఇక ఈ ఆటకు నేను రానని లేచి వచ్చేద్దామనుకునే వెళ్లాను. లెక్చరరు "అమ్మాయి ఏం రాసింది?" అని అడిగాడు. కుర్చీలో కూర్చున్నాను. లైటు వెలిగింది. "బస్సులో సీటు వచ్చినా రాలేదట, ఉండిపోయిందట" అన్నాను. రెండో వాక్యం నా నోట్లో ఉండగానే లెక్చరరు చిటికె వేశాడు. "అయితే ఇంకా చాలాకాలం సాగుతుందన్నమాట! అక్కడున్న నర్సు వెళ్లకుండా ఆగిందంటే, ఆస్పత్రి వాళ్లకి లోపలి కబురు అంది ఉండాలి!" డాక్టరు, రంగుల షాపావిడ ఔనంటే ఔనన్నారు. నేను కాదనేలోపే డాక్టరు పెడలు నొక్కాడు, కుర్చీ వాలింది. నువ్వు ఆగింది యుద్ధం త్వరగా అయిపోతుందనుకుని. నువ్వు ఆగావు గనక యుద్ధం ఇప్పట్లో ఆగదని వాళ్లు తేల్చేశారు. ఈ రెంటికీ మధ్య ఉన్నది నేనొక్కణ్ణే, వెల్లకిలా పడుకుని, కళ్లల్లో లైటు పడుతూ. చీటీలు తెచ్చారు. నా చెయ్యి "పదహారు" అని రాసింది. ఒట్టు, నేను రాయలేదు, చెయ్యే రాసింది. ఇంకొన్ని జనరేటర్ల షేర్లు కొందామని తీర్మానించి లేచారు.

ఇంటికొచ్చేసరికి మీ అమ్మ గుమ్మంలోనే ఉంది. "మూడో పేజీ ఏదీ?" అంది. ఆవిడకి నేను రెండే ఇచ్చాను, నువ్వు పేజీలకి 'మూడులో ఒకటి, మూడులో రెండు' అని అంకెలు వేస్తావన్న సంగతి మర్చిపోయాను. జేబులోంచి తనే తీసుకుంది. నిలబడే చదివింది. చదివి, కాగితం నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది. సీటు ఇచ్చేశానన్న వాక్యం కిందే "ఇక్కడ ఇంకో ముప్ఫై మంచాలు వేశారు" అని రాశావు. దాని కింద ఎర్ర గీత. శనివారమే గీశాను అమ్మడూ. నువ్వు బస్సు ఎక్కలేదని చదివిన కళ్లతోనే, ఆ పక్క వాక్యానికి గీత గీశాను. ఎప్పుడు గీశానో నాకు గుర్తు కూడా లేదు. ఆ గీతను చూసి నేను భయపడినంతగా జన్మలో దేనికీ భయపడలేదు.

పదహారు సంగతి కూడా చెప్పేశాను. మీ అమ్మ అరవలేదు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఆ నిప్పడిగినవాడు మా ఇంట్లోనే ఉన్నాడని తెలియదు నాకు" అంది. మళ్లీ అంది: "డబ్బు పెట్టేవాళ్లకి నిజం చెప్పారు. పిల్లకి అబద్ధం చెప్పారు. అటుది ఇటు, ఇటుది అటు అయినా బాగుండేది కదండీ."

సోమవారం పొద్దున్నే క్లినిక్‌కి వెళ్లాను. కుర్చీలో ఎవరో పెద్దాయన నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆగలేక ఆయన ముందే డాక్టరుకి అంతా చెప్పేశాను. డాక్టరు చేతిలో సూది అలాగే పట్టుకుని విన్నాడు. విని, "అయితే మరి నిన్న కొందామన్న షేర్లు?" అన్నాడు. అనేసి, తన మాట తనే విని, తెల్లబోయాడు. సూది ట్రేలో పెట్టేసి ముక్కు మీది గుడ్డ తీసేశాడు. "ఛ! నేను ముందు అడగాల్సింది అదా? అమ్మాయి ఎలా ఉంది మాష్టారూ?" అన్నాడు. అన్ని ఆదివారాల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఎవరూ అడగలేదని నేనూ గమనించలేదు. కుర్చీలో పెద్దాయన నోరు తెరిచే నా వైపు జాలిగా చూశాడు.

అక్కణ్ణించి మందులు పంపే సంస్థ ఆఫీసుకి వెళ్లాను. రెండో బస్సు ఇరవయ్యో తారీఖున ఉందట. నీ పేరు నేను రాయిస్తానంటే ఆ గుమాస్తా కుదరదంది. "ఆవిడే అక్కడ సూపరింటెండెంటుకి ఇవ్వాలండీ, పద్దెనిమిది లోపల. తండ్రులు ఇస్తే చెల్లదు" అంది. రేపు పొద్దున మందుల బండి బయల్దేరుతుంది. పదిహేనుకల్లా ఉత్తరం అందుతుందంది. అందుకే ఇంత గబగబా రాస్తున్నాను. అక్షరాలు కుదరలేదు, సర్దుకుని చదువుకో.

ఈ యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో నాకు తెలియదు. నెల అన్నప్పుడూ తెలియదు, పదహారు వారాలన్నప్పుడూ తెలియదు. కానీ నా మనసులో ఉన్న లెక్క మాత్రం పెద్దదే, అది నీకు ముందే చెప్పి ఉండాల్సింది. రా అమ్మడూ అని నా ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట దాచను. అయినా ఆ ముప్ఫై మంచాలూ నీ కళ్ల ముందున్నాయి, నా ముందు లేవు. అక్కడి వాళ్ల కోసం ఉండాలనిపిస్తే ఉండు, నిన్ను ఏమీ అనను. నా మాట నమ్మి మాత్రం ఒక్క పూట కూడా ఉండకు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నాన్న