పీరు పడవలో పాతదెంత

మంగళగిరి, జూన్ 3

బుడే గారికి నమస్కారం.

పెదగంజాం కాలువ గట్టున ఉన్న మీ తెరచాప పడవని మా ప్రదర్శనశాలకి తీసుకోవాలనుకుంటున్నాం. మీ నాన్నగారు పీరు గారు కట్టారని విన్నాం. కట్టినవారి పేరు రాతిపలక మీద చెక్కిస్తాం. అందులో మొదటినుంచీ ఉన్న కర్ర ఏది, తర్వాత మార్చింది ఏది, వివరంగా రాయండి. ఫోన్లో చెబితే ఫైల్లో పెట్టలేం.

ఇట్లు,
శ్రీరమ్య, ప్రదర్శనశాల అధికారి


పెదగంజాం, జూన్ 8

శ్రీరమ్యమ్మ గారికి బుడే సలాములు.

మీరేం భయపడక్కర్లేదు. పాతది దాదాపు లేదు. అడుగు చెక్కలు రెండుసార్లు మార్చాను. మిరపకాయల టిక్కీ బస్తాలు పక్కపక్కన రెండు పట్టాలని నడుం దగ్గర జానెడు వెడల్పు చేశాను. కాలువ మీద వంతెన పడ్డాక తెరచాప కొయ్య దాని కిందనుంచి పోలేదు. కొయ్యని మొదలు దగ్గర కోసి ఇరుసు పెట్టాను. ఒక్క మనిషే పడుకోబెట్టి లేపొచ్చు. నాన్నవి పడవ లోపలి వంపుకర్రలు మూడే మిగిలాయి. మీరొచ్చేలోపు అవీ తీసేస్తాను.

ఇట్లు,
బుడే

తా.క. నాన్న పేరు పెద్దక్షరాలతో చెక్కించండి. ఆయనకి చివర్లో చూపు సరిగా ఆనేది కాదు.


మంగళగిరి, జూన్ 12

బుడే గారికి,

ఆ మూడూ ముట్టుకోకండి. మాకు కావలసింది పాతదే. సగమన్నా పీరు గారి చేతిది కాకపోతే కమిటీ ఆయన పేరు చెక్కించనివ్వదు. మా ప్రకాష్ వచ్చి చూశాడు కదా, మీ కొయ్యని పదకొండుసార్లు పడుకోబెట్టి లేపాడట. ఇలాంటి పనితనం ఎక్కడా చూడలేదన్నాడు. కమిటీ లెక్కలో అది మార్పు. తీసిన పాత కర్రంతా ఏం చేశారు?

శ్రీరమ్య

తా.క. పొయ్యిలో పెట్టామని మాత్రం రాయకండి.


పెదగంజాం, జూన్ 17

శ్రీరమ్యమ్మ గారికి,

మీ ఉత్తరం అందేసరికి మూడూ తీసేశాను. మళ్ళీ బిగించాను. పాత ట్రాక్టరు కొనేవాడు ఏమేం మార్చావని అడుగుతాడు. ఏమీ మార్చలేదంటే వెళ్ళిపోతాడు. మీరూ అలాగే అడిగారనుకున్నాను.

కర్ర ఎక్కడికీ పోలేదు. మా తలుపు, మంచం, మేకల పాక, అన్నీ నాన్న చెక్కలే. మీకు చూపిద్దామని తలుపు ఊడదీశాను. అంచుల్లో పాత మేకుల బెజ్జాలున్నాయి, కొయ్యచీలలు కొట్టి పూడ్చి. ఆ బెజ్జాల వరస మా పడవది కాదు. మంచం తిరగేసినా అంతే. నాన్న కూడా ఇంకెవరిదో పడవని మార్చినవాడేనమ్మా. పూడ్చిన చోటు గోటికి తగలదు. నలభై ఏళ్ళుగా ఆ తలుపు తీసి వేస్తున్నవాణ్ణి, నాకే తెలియలేదు.

కట్టినవాడని ఆయన పేరు చెక్కించకండి. అబద్ధమవుతుంది.

బుడే

తా.క. ఇంటికిప్పుడు తలుపు లేదు. మేక లోపల పడుకుంది. మా ఆవిడ రసూల్‌బీ బయట కూర్చుంది.


మంగళగిరి, జూన్ 24

బుడే గారికి నమస్కారం.

మీ ఉత్తరం కమిటీలో చదివాను. కమిటీ పెద్ద జక్రయ్య గారు నియమాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పడవని ఉన్నదున్నట్టు తీసుకుంటున్నాం, మీ మడత కొయ్యతో సహా. పలక మీద ఇలా ఉంటుంది: "మొదట కట్టినవారు ఎవరో తెలియదు. మార్చినవారు పీరు, ఆయన కొడుకు బుడే." అక్షరాలు పెద్దవే.

మీ ఇంటి కర్ర మీ ఇంట్లోనే ఉంచుకోండి.

శ్రీరమ్య

తా.క. రసూల్‌బీ గారు ఆఫీసుకి ఫోన్ చేశారు. ఈ ఉత్తరం అందేలోపు తలుపు బిగించకపోతే మీ పేరు తీసేసి మేక పేరు చెక్కించమన్నారు. పలక ఇంకా చెక్కలేదు, చూసుకోండి.