మార్టిన్ పండగనాడు లేవని పొగ

కోంబ్‌నువార్ గ్రామం,
నవంబరు 19, 1957.

గౌరవనీయులైన జిల్లా అధికారి, ఉప-ప్రిఫెక్టు గారి సముఖమునకు, పై గ్రామ కాపురస్తురాలు, అవివాహిత, ఓదిల్ గ్రాంపెరాన్ వ్రాసుకొన్న అర్జీ.

విషయం: ఊరుమ్మడి అడవి నుండి నా పొయ్యికి రావలసిన కట్టెల వాటాను మేయరు గారు రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. మా గ్రామం రెండు కొండల నడుమ ఇరుకు లోయలో ఉన్నది. దక్షిణపు కొండ మరీ మీద పడినట్టు ఉండుటచేత నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మా ఊళ్ళో ఎండ పడదు. ఎదుటి గట్టు మీద పడుతుంది, మేము చూస్తాము. తమ కార్యాలయంలోని పటంలో ఈ సంగతి కనబడదు గనుక మనవి చేసుకోవలసి వచ్చినది.

2. ఈ కారణం చేతనే పూర్వం ఈ లోయను ఏలిన మఠాధ్యక్షురాలు పైకొండ అడవిని ఊరికి దానమిస్తూ, నవంబరు పదకొండున, మార్టిన్ పండగనాడు, మధ్యాహ్నం పొగ లేచిన ప్రతి పొయ్యికీ ఒక వాటా అని పత్రం రాయించినారు. నాటి నుండి ఆ రోజున ఊరిపెద్ద, అడవి కాపలాదారు చర్చి గంటగోపురం ఎక్కి పొగలు లెక్కపెట్టడం, పొగ ఉన్న ఇళ్ళకు చీట్లు వేసి కట్టెలు పంచడం ఆచారం. రాజులు పోయినారు, మఠం పోయినది, ఆచారం పోలేదు. మొన్నటి యుద్ధంలో జర్మన్ సైనికులు ఊరు తగలబెట్టి పోయిన ఏడు మా అమ్మ, గోడలూ కప్పూ లేని పొయ్యిలో నిప్పు రాజేసి, వానకు ఆరిపోకుండా గొడుగు పట్టుకుని నిలబడింది. కట్టెలు వచ్చినవి. వాటిని పెట్టుకోను ఇల్లు లేదు.

3. ఆ ఇల్లు తిరిగి కట్టుకుని, అమ్మ పోయాక, నేను సంతకు పోయిన రోజు చూసి, మా తమ్ముడు ఆన్సెల్మ్ అమ్మ పెంచిన ఆవును అమ్మేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అందుమీదట నడి ఇంట్లో చెక్క అడ్డుగోడ వేయించి వేరు కుంపట్లు పెట్టుకున్నాము. రెండు పొయ్యిలు, రెండు పొగగొట్టాలు, రెండు వాటాలు. పదేళ్ళపాటు వాడు ముక్కు చీదితే నాకు వినబడేది, మాట మాత్రం లేదు.

4. ఈ మార్టిన్ పండగనాటి ఉదయం వాడు దగ్గుతూ దగ్గుతూ అడ్డుగోడను చేతికర్రతో కొట్టినాడు. నేను నా కట్టెలు కొన్ని చంకన పెట్టుకుని, వీధి చుట్టూ తిరిగి వాడి గుమ్మంలోకి వెళ్ళినాను. వాడి పొయ్యి చల్లగా ఉన్నది. వాడు జ్వరంతో వణుకుతున్నాడు. మా మధ్య సంభాషణ ఈ క్రింది విధంగా జరిగినది:

"ఎవరూ?"

"ఇంకెవరు, నువ్వమ్మిన ఆవు. లేచి కూర్చో."

"తలుపెయ్యక్కా, చలి చంపేస్తోంది."

"చలి ఇప్పుడు తెలిసిందా నీకు? మంకు వెధవా, ఇన్నాళ్ళూ కొట్టకూడదట్రా ఆ గోడ?"

"కొడితే వస్తావనుకోలేదే."

నేను ఏడ్చినాను. ఇది వాటాకు సంబంధించిన విషయం కాకపోయినను జరిగినది జరిగినట్టు మనవి చేయడమైనది. తరువాత వాడి పొయ్యి రాజేసి, బంగాళాదుంపల చారు కాచి ఇద్దరం తాగినాము. మధ్యాహ్నపు గంట మోగేదాకా అది ఏ పండగో నాకు గుర్తు లేదు. ఈలోగా గోడకు అవతల నా పొయ్యి ఆరిపోయినది.

5. కనుక గోపురం ఎక్కినవారు మా ఇంటి మీద చూసిన ఒక్క పొగ మా తమ్ముడిది కాదు. కట్టెలు నావి, రాజేసిన చెయ్యి నాది, పొగగొట్టం ఒక్కటే వాడిది. న్యాయంగా నా వాటా ఉంచి వాడి వాటా కొట్టేయాలి. వాడిది కొట్టేయమని మాత్రం నేను కోరడం లేదు.

6. మేయరు బర్నబే గారు, చిన్నప్పుడు నా చేతి రొట్టె తిన్నవాడే, ఇంటికి వచ్చి ఒక కాగితం ముందు పెట్టినారు. అక్కాతమ్ములం మాటల్లేకుండా విడివిడిగా ఉంటున్నామనీ, చలికాలం వెళ్ళేదాకా ఒకరి గడప ఒకరం తొక్కమనీ అందులో ఉన్నది. అడవి కాపలాదారు వారం వారం వచ్చి రెండు పొయ్యిలూ చూసిపోతాడట.

"సంతకం పెట్టెయ్ ఓదిలత్తా, రెండు వాటాలూ ఇచ్చేస్తా. రాత్రింబగళ్ళు మంట పెట్టాలంటే ఒక్క వాటా క్రిస్మస్ దాటదు, నీకు తెలీదా?"

"అబద్ధం మీద సంతకం పెట్టమంటావురా?"

"మొన్నటిదాకా నిజమేగా!"

మా తమ్ముడు మంచం మీద నుంచి అందుకున్నాడు. "పెట్టక్కా, పోనీ! మార్చిలో మళ్ళీ మాట్లాడుకుందాం. పదేళ్ళున్నవాళ్ళం, నాలుగు నెలలు ఉండలేమా?"

నేను కలం కింద పెట్టినాను. మేయరు గారు నన్ను మొండిఘటం అన్నారు. ఆ మాట నా వాటా రద్దు చేసిన ఉత్తర్వులో రాయలేదు.

7. ప్రస్తుతం అడ్డుగోడ చెక్కలు కాలుస్తున్నాము. బాగా ఎండినవి, మంట చక్కగా ఉన్నది. దీనితో ఇల్లు ఒకటే అయిపోయిందని మేయరు గారి వాదన. అయిపోయిన మాట వాస్తవమే.

కావున, ఒకే గదిలో కూర్చున్నప్పటికిని మమ్ములను రెండు పొయ్యిలుగా ఎంచి, సదరు కాగితం అడగకుండా నా వాటా నాకు ఇప్పించ ప్రార్థన. మంచు పడితే పైకొండ నుంచి కట్టెల బండి దిగదు. ఆలోగానే ఈ ముసలిదాని మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఓదిల్ గ్రాంపెరాన్

తా.క. పై అర్జీ అంతా తమ్ముడికి చదివి వినిపించాను. ఆవు ముసలిదని రాయలేదేమని తగాదా పెట్టుకున్నాడు. ఈ కింది నాలుగు ముక్కలూ మాత్రం వినిపించలేదు. మేయరు గారు రాకముందే వాడిని చూడవచ్చిన డాక్టరు, వెళ్ళేటప్పుడు నన్ను గుమ్మం బయటికి పిలిచి చెప్పాడు, వాడు మార్చి నెల చూడడట. అందుకే ఆ సంతకం పెట్టలేకపోయాను. వాటా ఇచ్చినా ఇవ్వకపోయినా, ఈ సంగతి మాత్రం జవాబులో రాయకండి బాబూ. ఉత్తరం వస్తే వాడే ముందు విప్పుతాడు.