తలుపు వేసి అడుగు

అమ్రోలి, సూరత్

పెద్దక్కకు చెల్లెలు పద్మ దండాలు పెట్టి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి గనుక రాస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, పిల్లలు బాగున్నారా? ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. పప్పులో కూడా బెల్లం వేస్తారు, నాకు ఇంకా మింగుడు పడదు.

అక్కా, నా ఒంటి గురించి భయపడకు, ఇప్పుడు బాగానే ఉన్నాను. నెల కింద కడుపు తీయించుకున్నాను. చిన్నది ఇంకా పాలు తాగుతోంది, నాకు ఒంట్లో రక్తం లేదు. ఇంకొకటి మోయలేనని నేనే అనుకున్నాను. మీ మరిది సరేనన్నాడు. "మా అమ్మకు మాత్రం చెప్పకు" అన్నాడు. ఒక్కదాన్నే దవాఖానకు పోయాను.

వరండాలో బల్ల దగ్గర కూర్చున్న నర్సు, ఎందుకొచ్చావని హిందీలో అడిగింది. మా ఇంటి గోడ అవతలే మరమగ్గాలు, పగలూ రాత్రీ మోత. గొంతు చించుకుంటే గాని మాట వినపడదు, మెల్లగా మాట్లాడడమే మరిచిపోయాం. "బచ్చా గిరానా హై!", కడుపు తీయించుకోవాలి అని, ఆ మగ్గాల గొంతుతోనే చెప్పాను. అందరూ నా వైపు తిరిగారు. బెంచీ మీద మా గల్లీ రాజమ్మ ఉంది.

"గిదేందే పద్మా, మీ అత్తకు ఎరుకేనా?" అంది.

లోపల డాక్టరమ్మ మంచిది. తలుపు వేసి, ఇది నీ ఇష్టమేనా, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగింది. ఏం చేస్తుందో, తర్వాత నేనేం చూసుకోవాలో ఓపికగా చెప్పింది. ఏం లాభం? బయట అప్పటికే అంతా అయిపోయింది.

నాకంటే ముందే కబురు ఇంటికి చేరింది. అత్త గడపలో నిలబడి, "ఎవర్నడిగి తీయించుకున్నవే?" అని అరిచింది. గల్లీ అంతా బయటికొచ్చింది. నేను మీ మరిది వైపు చూశాను.

"నాకేం ఎరుక? నాకు చెప్పలే" అన్నాడు.

అప్పటి నుంచి అత్త నా చేతి నీళ్లు తాగడం లేదు. ఆయన మాత్రం నేను వండింది శుభ్రంగా తింటున్నాడు. ఆ ముఖం చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

నీ మీద కూడా కోపంగా ఉంది అక్కా. నువ్వు నర్సువి కదా, గుర్తు చేసుకో. నీకు సద్ది ఇవ్వడానికి నేను సర్కారు దవాఖానకు వచ్చిన రోజు, "కడుపు తీయించుకునేటోళ్లు ఎవరే? ఇటు రాండ్రి!" అని రిజిస్టరు పట్టుకుని కేకేశావు. ఒకామె కొంగు ముఖం మీదికి లాక్కుని లేచింది. నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను.

మామిడికాయ తొక్కు పంపుతానన్నావు, వద్దు. ఇకనుంచి నీ దగ్గరికి వచ్చినవాళ్లను తలుపు వేసి అడుగు. గది లేకపోతే దగ్గరికి పోయి చెవిలో అడుగు. నాకు అది చాలు.

అమ్మకు ఇదంతా చదివి వినిపించకు, పద్మ బాగుందని చెప్పు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. కోపంతో రాసినా నీ దీవెన కావాలనే రాస్తున్నాను.

ఆ కొంగు కప్పుకున్నామె ఇంటికి పోయాక ఏమైందో నువ్వు ఎప్పుడూ అడగలేదు కదా అక్కా. ఇప్పుడు నాకు తెలుసు.

నీ చెల్లెలు
పద్మ