పాట ఉన్నది, పని లేదు

రాళ్ళబోడు గ్రామం,
1946వ సంవత్సరం, మే నెల.

తాలూకా తహసీల్దారు గారి దివ్య సముఖమునకు, పై గ్రామ నివాసి, యుద్ధమునుండి ప్రాణములతో తిరిగి వచ్చిన పటాలములో రోడ్లు వేసిన మాజీ పయనీరు సిపాయి బందెల జక్కయ్య వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామములో పని లేనివారు ఒక్కరే కలరని సర్కారు లెక్క తేలినందున ఆపివేసిన కరువు రోడ్డు పనిని మరల తెరిపించుట గురించి, మరియు సదరు ఒక్కరు ఎవరో తమకు మనవి చేయుట గురించి.

తమరు వేయి పనులలో ఉంటారు. మాకు ఒక్కటీ లేదు గనుక తీరికగా వ్రాయుచున్నాను. తమరు కూడా కొంచెం తీరిక చేసుకొని చదవగోరుతాను.

1. వానలు మొహం చాటేసిన మీదట సర్కారువారు దయదలచి మా ఊరినుండి కోటప్పకొండ బాట వరకు కంకర రోడ్డు శాంక్షను చేసిరి. నేను, నా భార్య మార్తమ్మ, మా పేటవారందరము రాళ్ళు కొట్టి కూలి తెచ్చుకొని కడుపు నింపుకొంటిమి. ఆ రోడ్డు సగములో ఆగినది. ప్రస్తుతము అది మా ఊరినుండి ఠీవిగా బయలుదేరి ఎవరిదో జొన్నచేనులో ముగియుచున్నది. ఆ చేనులో జొన్న కూడా లేదు.

2. ఆగుటకు కారణము వినవలెను. పని ఇంకా అవసరమా కాదా తేల్చుటకు, రోడ్డు కూలి తప్ప వేరే పని లేనివారి లెక్క తీయమని పైనుండి తాఖీదు వచ్చినదట. రెవిన్యూ ఇనస్పెక్టరు గారు జట్కాలో దయచేసి, చావడిలో కూర్చుండి, దండోరా వేయించమనిరి. ఊరి వెట్టివాడు దానయ్య మామ డప్పు తీసుకొని, తనకు చెప్పిన గ్రాంథికమును తన భాషలోకి మార్చి ఇట్లు చాటినాడు: "ఊళ్ళో పనీపాటా లేనోళ్ళంతా చావడికాడికి రావాలహో!"

అయ్యా, తమరు ఏ జిల్లావారో నేనెరుగను. మా పలనాట "పనీపాటా లేనోడు" అనేది లెక్క కాదు, తిట్టు. ఆ మాట అన్నందుకు మా పేటలో వియ్యంకులు తలలు పగలగొట్టుకొన్నారు. ఆ పేరు పడ్డవాడికి పిల్లనివ్వరు. డొక్క ఎండి వీపుకు అంటుకున్నా సరే, నలుగురిలోకి పోయి "ఆ పనీపాటా లేనోణ్ణి నేనేనండీ" అని ఎవడు నిలబడతాడు? ఎవడూ పోలేదు.

పొరపాటు, ఒక్కరు పోయిరి. పున్నారావు గారు. ఊళ్ళో అందరికన్నా పెద్ద కమతము వారిదే. పాలేళ్ళు దున్నుతారు, పాలేళ్ళు కోస్తారు, వారు అరుగుమీద చుట్ట కాలుస్తూ పేకముక్కలు తిప్పుతారు. "నాకే పనీ లేదండీ, చానా విసుగ్గా ఉంటంది" అని వారు చావడిలో నిజము పలికిరి. ఊరు మొత్తములో సర్కారుకు నిజము చెప్పినది వారొక్కరే గనుక లెక్కలో వారొక్కరే మిగిలిరి. "పని లేనివారు ఒకరు. సదరువారు స్థితిపరులు. సహాయము అనవసరము." మరునాడే మా సమ్మెటలు లాగుకొనిరి.

3. ఇనస్పెక్టరు గారిని తప్పు పట్టరాదు. వారు ముక్కుకు రుమాలు అడ్డము పెట్టుకొని మా పేటకు కూడా వచ్చి విచారించిరి. "ఏం చేస్తున్నావు?" అని నన్నడిగిరి. "ఏదో చేసుకుంటున్నానండి" అంటిని. పెద్దవారు అడిగితే మరి ఇంకేమంటాము? వారు "సొంత వ్యాపారము" అని వ్రాసుకొనిరి. సదరు వ్యాపారము దేనిలోనో తమ కచేరీ కాగితాలు చూసి తెలియజేసినచో, రేపే కొట్టు తెరుచుకుంటాను.

తరువాత మార్తమ్మ దగ్గరకు పోయిరి. అది పెరట్లో ముళ్ళకంప నరుకుతున్నది. "ఏమమ్మా, నీకు పనుందా?" అనిరి. మార్తమ్మ తల కూడా ఎత్తలేదు. "కళ్ళు కనపట్టంలా? చచ్చేంత పనుంది. అడ్డం లెయ్యి!" అన్నది. వారు అడ్డము తొలగి, "పని సమృద్ధిగా కలదు" అని వ్రాసుకొనిరి. పొయ్యిమీదికి ఏమీ లేదు గానీ పొయ్యికిందికి కంప సమృద్ధిగానే ఉన్నది, అది నిజమే.

4. సర్కారు ఎంత ఖర్చు పెట్టినా ఉద్యోగాలు పుట్టవని పున్నారావు గారు చావడిలో సెలవిచ్చుచున్నారు. నేను దీనిని ఖండించుచున్నాను. బ్రహ్మాండంగా పుట్టినవి. మునసబు గారి బావమరిది మేస్త్రీ అయినారు. మేస్త్రీ గారికి గొడుగు పట్టుటకు వారి తమ్ముడు కుదిరినారు. మేము కొట్టిన కంకర గుట్టలకు కావలివాడు కుదిరినాడు. మా పని ఆగినది గాని అతని కావలి ఆగలేదు. రాళ్ళబోడులో రాళ్ళు దొంగిలించే మొనగాడెవడో ఒకసారి చూడాలని నాకూ కోరికగా ఉన్నది.

"కూలోళ్ళకిచ్చేది ఇసకలో పోసిన నీళ్ళురా, తిని కూర్చుంటారు" అని కూడా పున్నారావు గారనిరి. తిన్నాము అయ్యా. నేరము ఒప్పుకొంటాను. కాని మేము తింటే ఏమైనదో చూడండి. గుల్షన్ బీబీ రొట్టెలు కాల్చి పనికాడికి తెచ్చి అమ్ముకొన్నది. ఆమెకు జొన్నలు విసిరిపెట్టి కొండమ్మత్త గంజి తాగినది. మా గడ్డపారలకు మొనలు తీసి కమ్మరి యల్లమంద కొలిమి ఆరకుండా నిలుపుకొన్నాడు. ఇప్పుడు గుల్షన్ పొయ్యి ఆరింది, కొండమ్మత్త తిరగలి ఆగింది, యల్లమంద కొలిమిలో పిల్లి పడుకుంటంది. వీరెవరూ రోడ్డు పనిలో లేరు గనుక లెక్కలోకి రారు. పిల్లి కూడా రాదు.

5. ఇక సొంత గోడు. యుద్ధకాలములో అస్సాము అడవుల్లో రోడ్డు వేయవలసి వచ్చినప్పుడు నన్ను లారీ ఎక్కించి మరీ తీసుకొనిపోయిరి. అక్కడ నేను కావలసి వచ్చితిని. మా ఊరి రోడ్డుకు అక్కరలేకపోతిని. మార్తమ్మ అన్న సామ్యేలు ఏరు దాటి నైజాము వైపు బావి తవ్వకాలకు పోవుచున్నాడు. చంటిదాన్ని చంకన వేసుకొని మార్తమ్మ అతనితో పోవుటకు మూట కట్టినది. మంచానపడ్డ మా అమ్మను విడిచి నేను కదలలేను. ఏరు దాటి పోయినవాళ్ళు వస్తారో రారో నాకు తెలియదు. నాకు భయంగా ఉన్నది అయ్యా. ఇందులో ఎగతాళి లేదు.

కాబట్టి కోరునది: మరల లెక్క తీయించండి. ఈసారి దండోరాలో ఆ తిట్టు తీసివేసి, "కూలి దొరకనోళ్ళు రండి" అని చాటించండి, చావడి పట్టదు. అదీగాక "పనీపాటా" లేదనుట మా పట్ల శుద్ధ అబద్ధము. మాకు పాట ఉన్నది. ప్రతి ఆదివారము గుడిలో ఖాళీ కడుపుతో గొంతెత్తి పాడుచున్నాము, పాదిరి గారిని విచారించుకోవచ్చును. లేనిది పని ఒక్కటే.

మాకు రోడ్డు తెరిపించుటయో, లేక లెక్క ప్రకారము పున్నారావు గారికి సమ్మెట ఇప్పించుటయో, తమకు ఏది న్యాయమని తోచితే అది చిత్తగించవలెను.

ఇట్లు
తమ విధేయుడు,
బందెల జక్కయ్య
(వృత్తి: సొంత వ్యాపారము)

తాజా కలము: మడత పెట్టబోతూ మార్తమ్మకు చదివి వినిపించాను. నవ్వుద్దనుకున్నా. నవ్వలా. "నేను అడ్డం లెయ్యి అన్నందుకే పని పోయిందా?" అనడిగింది. "నీ వల్ల కాదే, ఆయనకు అర్థం కాలా" అన్నాను. మూటమీద కూచుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఆ అయ్యగారికి రాయి. ఆరోజు తెలీక అన్నాను. నాకు పని లేదు. మార్తమ్మ పనీపాటా లేనిది. రాయి, అట్టాగే రాయి" అంది.

ఆ మాట నేనంటే నా తల పగిలేది అయ్యా. తనంతట తనే అనుకుంది. నేను రాయనన్నా, చెయ్యి పట్టుకుని రాయించింది. పున్నారావు గారి పేరు కింద దాని పేరు వేసుకోండి. దాని కింద నాది.

ఆదివారం గుళ్ళో పాట అయిందాకా ఆగుతానంది. మూట ఇంకా విప్పలేదు.