నాలుగు రోజుల గాలి

అరకు రైల్వే క్వార్టర్సు,
12 డిసెంబరు 1976.

ప్రియమైన మీకు,

తెరిసమ్మ వందనాలతో రాస్తున్న ఉత్తరం. మరియమాత దయవల్ల ఇక్కడ నేను క్షేమం. గాజుతొట్టెలో ఉన్నవాళ్లూ క్షేమం. సాయంత్రం పూట మీకు ఇంకా జ్వరం తగులుతోందో లేదో మీరు రాయలేదు. శానిటోరియం డాక్టరు గారు విడిగా రాసిన ఉత్తరం చూసి తెలుసుకోవలసి వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇక్కడ మంచు బాగా పడుతోంది. పది దాటితేగాని ఎదురు కొండ కనపడటం లేదు. వలిసె పూలు అయిపోయాయి. బాలబడికి పిల్లలు ఎండ ఎక్కాకే వస్తున్నారు, నేనూ ఏమీ అనడం లేదు. మీ బదులు వచ్చిన సిగ్నలు మెయింటెయినరు నెమ్మదైనవాడు. మొన్న వచ్చి కిటికీలోంచి తొట్టెకేసి చాలాసేపు చూసి, "యోనా గారు వచ్చాక అడగాల్సినవి బోలెడున్నాయండి" అని వెళ్లాడు. మీరు తిరిగి వస్తారన్నదాంట్లో అతనికి అనుమానమే లేదు.

మీరు అడిగినవాటికి జవాబులు. తొట్టెలో ఉప్పు చూడటానికి పాల డిపో లాక్టోమీటరు నిన్న ముంచితే ఇరవై నాలుగు దగ్గర నిలబడింది. తగ్గిన మేరకు వాననీళ్లే పోస్తున్నాను. ఆవిరయ్యేది నీళ్లేగాని ఉప్పు కాదని మీరు వందసార్లు చెప్పారు, నూట ఒకటోసారి చెప్పక్కర్లేదు. రాగి వాటికి విషమన్నారని రాగిచెంబును ఆ గదిలోకే రానివ్వడం లేదు. గుండీ పువ్వులు రెండో రాయి మీద కూడా పాకాయి. పొద్దున్న ఎండ తగలగానే చొక్కా గుండీలంత ఆకుపచ్చ మూతులు ఒక్కొక్కటే తెరుస్తాయి. పెద్ద సముద్రపు పువ్వు కాస్త జరిగి గాలిబుడగల పక్కకు వచ్చింది. శంఖంలో కాపురముండే పీతగాడు పాత శంఖం వదిలేసి కొత్తది తొడుక్కున్నాడు. చారల చేపలు మూడూ నన్ను చూస్తే ముందుకు వస్తాయి. ఎండురొయ్యలు నానబెట్టి, ఉప్పంతా పోయేలా రెండుసార్లు పిండి, గోటితో తుంచి వేస్తున్నాను.

సముద్రపు నీళ్లెలా వస్తున్నాయని అడిగారు. గార్డు సర్వేశ్వరరావు గారు ఎప్పటిలాగే బ్రేకు వ్యానులో డబ్బాలు తెచ్చిపెడతానన్నారు. రెండుసార్లు తెచ్చారు కూడా. మూడోసారి నీళ్లలో నూనె తెట్టు ఉంది. పాపం, ఆయనకు తీరిక లేక ఎవరి చేతో పట్టించారు. అప్పటినుంచి నేనే బండెక్కి కొండ దిగి సముద్రానికి వెళ్తున్నాను. మీకు చెప్పలేదు, కోప్పడతారని. రాళ్ల గట్టు దగ్గర పడవలు లేని చోట, పోటు మీద ఉన్నప్పుడు, మోకాలి లోతుకు వెళ్లి పట్టాలి. పాత చీరతో వడకట్టి, మూతలు బిగించి, ఇంటికి తెచ్చాక చీకటి గదిలో పది రోజులు ఉంచి, పైన తేరినవే వాడాలి. అన్నీ మీ నోటుబుక్కులో ఉన్నట్టే చేస్తున్నాను. మొదటిసారి అల కొట్టి డబ్బాతో సహా కూలబడ్డాను. అక్కడ వల బాగుచేసుకుంటున్న ముసలాయన, "ఏటమ్మా, సముద్రాన్ని డబ్బాలకెత్తుకెల్లిపోతన్నావు? మా కోసం కూసింతుంచు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎనిమిదేళ్లలో ఒక్కసారైనా మీతో పాటు ఆ గట్టుకు రానందుకు ఆ రోజు నా మీద నాకే కోపం వచ్చింది.

ఇప్పుడు మీ ఉత్తరం సంగతి. తొట్టెను కాలేజీ లెక్చరరు గారికి ఇచ్చేయమన్నారు. "నీకు ఆ భారం ఎందుకు, వాటిని తెలిసినవాళ్ల చేతుల్లో పెడితే నాకు నిశ్చింత" అని రాశారు. దాని కిందే, ఊపిరితిత్తికి ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్పేశానని ఒకే ఒక్క వాక్యం. రెండూ పక్కపక్కన ఎందుకు వచ్చాయో నాకు అర్థం కాదనుకున్నారా? మీరు సర్దుకుంటున్నారు. ఊరికి పోయేవాడు సామాను ఒకరికీ తాళం ఒకరికీ అప్పగించినట్టు.

లెక్చరరు గారు సోమవారం పాసింజరులో రానే వచ్చారు. ఇద్దరు మనుషులు, నాలుగు పెద్ద డబ్బాలు, తడిపిన గోనెసంచులు. మనిషి మర్యాదస్తుడు. గదిలోకి వచ్చి తొట్టె ముందు కూర్చుని రాళ్లన్నీ ఒక్కొక్కటే చూశారు.

"ఎనిమిదేళ్లా అమ్మా? ఈ కొండ మీదా? మా ల్యాబులో ఎనిమిది నెలలు నిలబెట్టలేకపోయాం" అన్నారు.

"అవునండి."

"మీ ఆయన రాసినదాన్నిబట్టి... మీరొక్కరూ దీన్ని చూసుకోవడం కష్టం. మా దగ్గరుంటే భద్రంగా ఉంటుంది."

"కష్టమేనండి. అయినా ఇవ్వను" అన్నాను. అంత కచ్చితంగా వస్తుందని నాకే తెలియదు. టీ ఇచ్చాను. ఆయన నొచ్చుకోలేదు. ఉప్పు ఎంత, వెలుతురు ఎంతసేపు, ఏం వేస్తున్నారు అని అడిగి అన్నీ రాసుకున్నారు. "ఇదంతా ఎవరు నేర్పారమ్మా?" అన్నారు. మా ఆయన నోటుబుక్కు సగం, నవంబరు తుపాను సగం అన్నాను. ఖాళీ డబ్బాలతోనే సాయంత్రం బండికి వెళ్లిపోయారు.

తుపాను గురించి మీకు నాలుగు ముక్కలే రాశాను, మీరు గాభరా పడతారని. ఇప్పుడు మొత్తం రాస్తాను.

మొదటి రోజు మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఘాటులో కొండచరియలు పడి రైళ్లు ఆగిపోయాయి. స్తంభాలు ఎన్ని పడ్డాయో, కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవాళ్లు లేరు. తొట్టెలోకి గాలి కొట్టే మర ఆగిపోయింది, బుడగలు ఆగిపోయాయి. మీ నోటుబుక్కులో చివరి పేజీల్లో ఒక బొమ్మ ఉంది కదా, లారీ ట్యూబుకు సన్నని గొట్టం తగిలించి, గొట్టానికి బట్టల క్లిప్పు పెట్టి. ఆ పుస్తకం పట్టుకుని వానలో బజారుకు పరుగెత్తాను. దారి మూసుకుపోయి కలప లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చేపలకు గాలి పట్టాలంటే ఎవరు నమ్ముతారు? బొమ్మ చూపించాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది గీసినోడు తెలివైనోడమ్మా" అని అదనపు ట్యూబు తీసి ఇచ్చాడు.

సైకిలు పంపుతో ఆ ట్యూబు నిండా గాలి కొడితే గంటన్నర వస్తుంది. క్లిప్పు కాస్త వదులైతే గంటే. పక్క గూడెం నుంచి కూరలు తెచ్చే కనక ఆ పూట వానకు మన వసారాలో ఆగింది. నేను ఒగర్చడం చూసి తట్ట దింపి వచ్చింది.

"అమ్మగోరూ, ఇలాగివ్వండి. మీరు సేతుల్తో కొడతన్నారు. నడుంతో కొట్టాల" అని పంపు లాక్కుంది. ఆ నాలుగు రోజులూ ఇంటికి వెళ్లలేదు. వాళ్లాయన చేత కట్టెలు తెప్పించింది. వంతులేసుకుని పడుకున్నాం, వంతులేసుకుని కొట్టాం.

రెండో రోజుకు చలి పట్టుకుంది. ధర్మామీటరు పద్దెనిమిదికి దిగింది. తొట్టె చుట్టూ గొంగళ్లు కప్పి, సీసాల్లో వేన్నీళ్లు పోసి, బిరడాలు బిగించి నీళ్లలో తేలేశాం. సీసా చల్లారగానే తీయడం, ఇంకోటి వేయడం. ఒకేసారి ఎక్కువ వేస్తే వేడికి చస్తాయని ఒక్కొక్కటే. మూడో రోజు పొద్దున్న తొట్టె మీదికి వంగితే కుళ్లు వాసన వచ్చింది. వెనక మూల ఉన్న రాయి మీద పువ్వులన్నీ తెల్లగా జారిపోతున్నాయి. మీరు మొదటి ఏడాది తెచ్చిన రాయి అది. బతుకుతాయేమో, ఒక పూట చూద్దామా అనిపించింది. కనక ముక్కు మూసుకుని, "ఒకటి కుళ్లితే అన్నిటికీ పడతాదమ్మగోరూ. తీసీండి" అంది. చేయి పెట్టి ఆ రాయి పైకి తీశాను. వానలోకి నడిచి కంచె అవతల పారేసి వచ్చాను. వచ్చి చేతులు కడుక్కుని, దాచిన నీళ్లలోంచి ఒక డబ్బా తొట్టెలో మార్చి, మళ్లీ పంపు అందుకున్నాను. ఆ రాయి తీయకపోతే మిగతావేవీ ఈ రోజు ఉండేవి కావు. ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం కరెంటు వచ్చింది. మర గుర్రుమనగానే కనక కింద కూలబడి, "ఓలమ్మ ఓలమ్మ" అని నవ్వుతూనే ఉంది. నా అరచేతుల్లో బొబ్బలు చితికి అన్నం కలుపుకోలేకపోయాను. తనే కలిపి పెట్టింది. మర్నాడు ఎండ వచ్చింది. పువ్వులు తెరుచుకున్నాయి.

ఇంతవరకు రాసి కలం పక్కన పెట్టి లేచి వెళ్లాను. ఇప్పుడు మళ్లీ కూర్చున్నాను. అయిదు నెలలుగా రాయలేకపోయింది ఈ పూట రాయకపోతే ఇక ఎప్పటికీ రాయలేను.

జులైలో, మీ చేతిలోంచి తినే పెద్ద చారల చేప, దాని జత చేప, ఎర్ర రొయ్య చనిపోయాయని రాశాను కదా. కరెంటు పోయి చనిపోయాయని రాశాను. ఆ రోజు కరెంటు పోలేదు.

అది మీరు వెళ్లాక మీ నుంచి వచ్చిన మొదటి ఉత్తరం అందిన మర్నాడు. ఆ ఉత్తరంలో తొట్టె గురించి పదిహేడు పంక్తులున్నాయి. మీ దగ్గులో రక్తం పడిందని ఒక్క పంక్తి. నేనెలా ఉన్నానని ఏమీ లేదు. పంక్తులు లెక్కపెట్టాను. తడిబట్టలతో ఆ గట్టు మీదా, రైలు తలుపు దగ్గర చలిగాలిలో డబ్బాలు పట్టుకునీ, ఎనిమిదేళ్లు ఈ నీళ్లే మిమ్మల్ని తినేశాయని నా మనసులో పడిపోయింది. ఆదివారం పూజ నుంచి వచ్చి, తొమ్మిది గంటలకు గాలి మర ప్లగ్గు గోడలోంచి పీకేశాను. పీకి, వెనక వసారాలో కూర్చుని బియ్యం చెరిగాను. చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగాను. ఎందుకు కూర్చున్నానో నాకు తెలుసు.

మూడు గంటలప్పుడు కనక వచ్చింది. అప్పటికి మాకు అంత చనువు లేదు. కిటికీలోంచి చూసి, "ఏటమ్మగోరూ, బుడగల్రావట్లేదు? సేపలు పైకొచ్చి నోళ్లు తెరుత్తన్నాయి" అంది.

"కరెంటు లేదు" అన్నాను.

ముసురు పట్టిన రోజు కదా, వంటింట్లో బల్బు వెలుగుతోంది. కనక ఆ బల్బుకేసి చూసింది, నాకేసి చూసింది.

"దీపం ఎలుగుతంది కదమ్మా" అంది. అంతే. తిట్టలేదు, మరేమీ అడగలేదు. నేను లేచి ప్లగ్గు పెట్టాను. అప్పటికే పెద్ద చేప పక్కకు ఒరిగిపోయింది. చేత్తో పట్టుకుని బుడగల దగ్గర చాలాసేపు నిలబెట్టాను. అది మళ్లీ లేవలేదు.

మీరు నా అబద్ధం నమ్మి, "నువ్వేం చేస్తావు తెరీసా, నీ తప్పు కాదు, మనసు కష్టపెట్టుకోకు" అని జవాబు రాశారు. ఆ ఉత్తరంలో తొట్టె గురించి ఒక్క పంక్తీ లేదు. అంతా నా గురించే. అది చదివి నేను ఎంత ఏడ్చానో కనకకు తెలుసు. ఆ రోజే మీ నోటుబుక్కు పెట్టె అడుగునుంచి తీసి మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఫాదరు గారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఆయన క్షమించారు. మీరు క్షమిస్తారో లేదో మీ ఇష్టం. కోపం వస్తే పడండి, కాని ఆ కోపంతో బతికి ఉండి పడండి.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఏదైనా చావాలని వదిలేసి పక్క గదిలో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆరు గంటలు కూర్చున్నాను. మీరు ఇప్పుడు మీ సంగతిలో చేస్తున్నది అదే. ఆపరేషన్ వద్దనేసి, మంచం మీద నెమ్మదిగా ఉన్నారు. నేను ఒప్పుకోను.

డాక్టరు గారు నాకు వివరంగా రాశారు. ఎడమ ఊపిరితిత్తి పై భాగం పాడైందట, ఇంజక్షన్లకు లొంగడం లేదట. అది తీసేస్తే మిగతాది బాగుంటుందట. తీయకపోతే కుడి వైపుకూ వస్తుందట. ఇందులో ప్రమాదం ఉందని కూడా దాచకుండా రాశారు. నాకు భయం లేదని అనను. అయినా ఇరవై రెండో తేదీ బుధవారం ఖాయం చేయమని ఆయనకు జవాబు రాసేశాను.

పద్దెనిమిదో తేదీ బండికి బయలుదేరుతున్నాను. ఈ ఏడు క్రిస్మసు మీ వార్డులోనే. కనకకు లాక్టోమీటరు చూడటం నేర్పాను. అంకెలు రావు కాబట్టి గాజు మీద ఎర్ర దారం కట్టాను, దారం మునిగితే ఉప్పు ఎక్కువ, తేలితే... కాదు, తిరగేసి రాశాను, తేలితే ఉప్పు ఎక్కువ. తను నాలాగా తప్పు చెప్పదులెండి. నేను లేనన్నాళ్లూ తనూ వాళ్లాయనా మన ఇంట్లోనే ఉంటారు.

డాక్టరు గారు పంపిన ఆపరేషన్ ఒప్పుదల కాగితంలో భార్య సంతకం చేయవలసిన చోట నా పేరు పూర్తిగా రాసి, ఈ కవరులోనే పెట్టాను. దాని పైన గీత మీది. నేను వచ్చేలోగా మీరు సంతకం చేసి డాక్టరు గారికి ఇచ్చారా, సంతోషం. చేయలేదా, మీ మంచం పక్కన స్టూలు వేసుకుని, కలం మీ చేతిలో పెట్టి కూర్చుంటాను. ఎన్నాళ్లు కూర్చోగలనో ఈ పాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఇట్లు,
మీ ఇల్లాలు,
తెరిసమ్మ