చెరువు చప్పుడు

వీరవేణీ,

రొయ్యల మేత లారీ వచ్చే వేళయింది, చెరువు మీదకి వెళ్తున్నాను. అల్లవరం నుంచి మెకానిక్ వస్తే టీ ఇచ్చి గట్టు మీదకి పంపు. పెరట్లో ఆరేసిన కొబ్బరి ఎండలోకి జరుపు.

నిన్న పొద్దుట జరిగింది మనసులోంచి పోవడం లేదు. కరెంటు పోయి, నీళ్లకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోతే, గట్టు మీదే కూర్చున్న నాకు తెలియలేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్ల ముందు రీల్సు. టిఫిను తెస్తున్న నువ్వు కొబ్బరితోట అవతలి నుంచే "ఏవండీ, చెరువు చప్పుడు వినబడట్లేదేంటండీ?" అని కేకేశావట. పక్క చెరువు రామ్మూర్తిగారు చెప్పేదాకా అదీ తెలియదు నాకు. నువ్వే పరుగెత్తుకెళ్లి జనరేటరు వేశావు. ఇంకో పావుగంటయితే గాలందక రొయ్యంతా తేలిపోయేది. నీ చీరంతా డీజిలయింది. తిట్టినా బాగుండేది.

పోయిన నెల ఫోను చూస్తూ అన్నం మాడ్చానని, రోజూ పొద్దున్నే ఫోన్ని బియ్యం డబ్బాలో పడేసి, సాయంత్రం ఎసరు పెట్టేటప్పుడే తీస్తానన్నావు. నేను నవ్వాను. "వారం కూడా ఆగలేవు" అన్నాను. నెల దాటింది. నీ పట్టుదలలో సగం కూడా నాకు లేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. ఎదురుగా నోరు రాక ఇలా రాస్తున్నాను.

పప్పులో మామిడికాయ వెయ్యి.

అన్నట్టు, ఏదైనా పనిబడితే మనిషిని పంపు, ఫోను చెయ్యకు. చేస్తే బియ్యం డబ్బాలో నీ ఫోను పక్కనే నాది మోగుతుంది.