మూడు వందల మీటర్లు

మే 6, మంగళవారం

ఇంత ఉక్కపోతలో మా కోడలు జుసిలేనే పొడుగు చేతుల చొక్కా వేసుకుని నా పులుసు బండి దగ్గరికి వచ్చింది. ఈ బెలెం ఊళ్ళో ఈ నెల ఎవరేసుకుంటారు? చొక్కా చెయ్యి పైకి లాగి చూశాను. అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. నా కొడుకు వేళ్ళు.

మెట్ల మీంచి పడ్డానంది. మనింటికి మెట్లెక్కడున్నాయే పిల్లా అన్నాను. అప్పుడు ఏడ్చింది. అమ్మాల్సిన రొయ్యల తకకా పులుసు ఇంకా సగం కుండ ఉంది. బండి మూసేశాను.

మే 7

స్టేషన్‌కి వెళ్దామంటే వద్దంటుంది. మీ కొడుకు కదా అత్తమ్మా అంటుంది.

కొడుకే. అందుకే కదా నాకు సిగ్గు.

మే 8, ఉదయం పది

మహిళా పోలీస్ స్టేషన్. చెయ్యి పట్టుకుని నేనే తీసుకొచ్చాను. నువ్వెవరని ఆఫీసరమ్మ అడిగింది. భర్త తల్లినన్నాను. పెన్ను ఆపి నా మొహం చూసింది.

జడ్జికి పంపుతాం, రెండ్రోజుల్లో ఆర్డర్ వస్తుందంది. నా కొడుకు జెనివాల్దో ఇల్లు ఖాళీ చెయ్యాలి. జుసిలేనే ఎక్కడుంటే అక్కడికి మూడు వందల మీటర్ల లోపుకి రాకూడదు. ఫోన్ చెయ్యకూడదు, ఇంకో మనిషి చేత కబురు కూడా పంపకూడదు. తప్పితే అరెస్టే. లాయర్ని ప్రభుత్వమే ఇస్తుందట.

ఇల్లు అత్తమ్మది, పోవాల్సింది నేనేమో కదా అంది జుసిలేనే. కొట్టినవాడు పోతాడు, నువ్వెందుకు పోతావంది ఆఫీసరమ్మ. ఇది మళ్ళీ అడిగింది, నిజంగానా అని. ఆరేళ్ళుగా ఏం అనుకుంటూ బతికిందో అప్పుడు అర్థమైంది నాకు.

మే 9, శుక్రవారం

ఆర్డర్ వచ్చింది. కోర్టు మనిషి, ఇద్దరు పోలీసులు. వాడు బట్టలు సర్దుకుంటుంటే సాక్సులు నేనే మడిచి పెట్టాను. చేతులు ఊరుకోలేదు.

గుమ్మంలో ఆగి, నువ్వసలు అమ్మవేనా అన్నాడు. అవునన్నాను.

మే 25

జుసిలేనే నా తలకి రంగు వేసింది. చెవులు కూడా నల్లబడ్డాయి. పెళ్ళెప్పుడు జుల్మీరా అని బండి దగ్గర ముసలాళ్ళు ఒకటే ఏడిపించడం. వరుణ్ణి వెతకండి, నేను రెడీ అన్నాను. ఇది కడుపు పట్టుకుని నవ్వింది.

దీని నవ్వు ఇంత గట్టిదా! ఒకే ఇంట్లో ఉండి నాకు తెలీదు.

జూన్ 3

రేవులో వాణ్ణి కలిశాను. స్నేహితుడి పడవలో ఉంటున్నాడు. చిక్కిపోయాడు. వేయించిన చేప, ఆసాయి పళ్ళ గుజ్జు కొనిపెట్టాను. తిన్నంతసేపూ నా పాత బిడ్డే.

తిన్నాక, మారానని దానికి ఒక్క మాట చెప్పమ్మా అన్నాడు. చెప్పకూడదురా, కాయితంలో రాశారన్నాను. కొడుకు కంటే కాయితం గొప్పదా అన్నాడు. దాని చెయ్యి గుర్తొచ్చింది. పెళ్ళాన్ని కొట్టే మగాళ్ళకి కోర్టు క్లాసులు పెడుతుందట, ముందు అక్కడికి పో నాన్నా అన్నాను. చెయ్యి కడుక్కోకుండానే లేచిపోయాడు.

ఇంటికొచ్చి దానికేం చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగాను.

జూన్ 14, శనివారం, సాయంత్రం ఆరు

వచ్చాడు. బండికి ఎదురుగా, రోడ్డవతల. చేతిలో పువ్వులు. జుసిలేనే గరిట కుండలో వదిలేసి నా వెనక్కి వచ్చింది. దీని పేరు పెట్టి అరుస్తూ రోడ్డు దాటుతున్నాడు.

పోలీసులకి ఫోన్ చేశాను. నేనే. మీకేమవుతాడని అడిగారు. కొడుకన్నాను. పేరు అడిగారు. సరిగ్గా వినబడలేదట, ఒక్కో అక్షరం చెప్పమన్నారు. నేను పెట్టిన పేరే. చెప్పాను.

వ్యాను ఎక్కించారు. వాడు నా వైపే చూస్తున్నాడు.

జుసిలేనే నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి ఓ గిన్నెడు పులుసు పోసి చేతిలో పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ పోశాను, నాకెవరూ పోయలేదు. తాగు అత్తమ్మా అంది. తాగాను. ఉప్పు తక్కువైంది. గిన్నె ఖాళీ చేశాను.

జూన్ 22, ఆదివారం

ఇద్దరం పన్నెండింటిదాకా నిద్రపోయాం. లేచి చూస్తే వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎవరిదో పిల్లి వంటింట్లో కూర్చుంది. వాడు ఇల్లు వదిలినప్పటి నుంచి రోజూ వేసుకునే గడియ, నిన్న రాత్రి పెట్టాలని ఇద్దరికీ గుర్తే రాలేదు.